ఎడం వైపు పిల్లరు

మన బండే కదమ్మా, ఎక్కండి అన్నారు కూర్మనాథం మాస్టారు, నేను ఎక్కేశాను. చిలకపాలెం జంక్షన్లో ఎండకి మాడు పేలిపోతోంది, విజయనగరం బస్సులు కిటకిటలాడుతూ ఒక్కటీ ఆగకుండా పోతున్నాయి, అలాంటప్పుడు తెల్లటి కారు పక్కన వచ్చి ఆగి, ముందు సీట్లోంచి జగదీశ్వరి గారు అద్దం దించి నవ్వితే ఎక్కనని ఎవరంటారు. మా కాలేజీ పాటల పోటీకి మాస్టారిని న్యాయనిర్ణేతగా పిలిచారట, భార్యనీ కూతుర్నీ కూడా తీసుకొచ్చారట, నేను పొద్దుటి నుంచీ లాబ్‌లో కొలిమి దగ్గరే ఉండిపోయాను కాబట్టి నాకీ సంగతే తెలీదు. కూతురు కౌముది, నాలుగో తరగతి, ఎడం వైపు కిటికీ వదలనని భీష్మించుకుంటే నేనే అటు తిరిగి వెళ్ళి కుడి వైపు తలుపు తీసి దాని పక్కన కూర్చున్నాను. ఏసీ చల్లగా తగిలింది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది అనుకున్నాను. బండి బావుందండీ అని కూడా అన్నాను, తగుదునమ్మా అని. బావుండక ఏమండీ విశాలి గారూ, మీ చేత్తో ఇచ్చిందే కదా అన్నారు జగదీశ్వరి గారు వెనక్కి తిరిగి.

నా చేత్తో ఇచ్చిందే. అది మా అత్తగారు పెట్టిన పద్ధతి. విజయనగరంలో మాది పాత కార్ల దుకాణం, దాని వెనకే సొట్టలు తీసే డెంటింగు షెడ్డు. మామగారి రోజుల్లో అది సైకిళ్ళ కొట్టు, మా ఆయన ఆనంద్‌కుమార్ చేతికి వచ్చాక కార్లయ్యాయి. సైకిలైనా కారైనా మొదటి తాళం ఇంటి కోడలి చేతి మీదుగానే వెళ్ళాలని మా అత్తగారు లక్ష్మణమ్మ గారి శాసనం. తమలపాకులో తాళం పెట్టుకుని, కొన్నవాళ్ళ ఆడమనిషికి బొట్టు పెట్టి, చేతిలో పెట్టాలి. ఆవిడకి మోకాళ్ళు పట్టేశాక ఆ పని నాకొచ్చింది. శుక్రవారం సాయంత్రం కాలేజీ నుంచి పరిగెత్తుకొచ్చి, పట్టుచీర చుట్టుకుని దుకాణం ముందు నిలబడతాను, ఏ కారో చూడను, ఎక్కడిదో అడగను, నవ్వుతాను, బొట్టు పెడతాను, ఇచ్చేస్తాను. విసుగే, పైకి విసుక్కుంటాను కూడా, కానీ అందులో ఒక్క ముక్క నాకు ఇష్టం. తాళం ఇచ్చే ముందు ఆనంద్ నా వైపు చెయ్యి చూపించి అనే మాట. మా ఇంటిది కార్ల ఉక్కు మీదే డాక్టరేట్ సేసిందండి, ఇంక మీకేటి బెంగ, అంటాడు. కాలేజీలో అయితే నా డాక్టరేట్‌కి ఒక పూలగుత్తి ఇచ్చి ఫోటో తీసి పంపించేశారు, మళ్ళీ ఎవరూ దాని ఊసెత్తలేదు, ఆ దుకాణం ముందే నేను నిజంగా డాక్టర్ని. ఆ రోజు జగదీశ్వరి గారు తాళం అందుకుంటూ, గట్టిదేనా అమ్మా అని అడిగారు. గట్టిదేనండి అన్నాను. కారు వైపు తల తిప్పి చూడనైనా చూడలేదు.

ఇదంతా ఇప్పుడు అనుకుంటున్నాను, ఎక్కినప్పుడు ఏమీ అనుకోలేదు. ఎక్కినప్పుడు హాయిగా వెనక్కి వాలి, కౌముది అడిగే ప్రశ్నలకి సమాధానాలు చెబుతూ కూర్చున్నాను. మీరు సూదులేసే డాక్టరా ఆంటీ అని అడిగింది. కాదమ్మా, ఇనుముని లాగే డాక్టర్ని అన్నాను. మాస్టారు పకపకా నవ్వారు, నాకు హుషారు వచ్చేసింది, ఇంక నన్ను పట్టే వాళ్ళెవరు. ఉక్కు రేకుని మన వేలంత ముక్కలుగా కోసి, రెండు కొసలూ మిషనుకి బిగించి, తెగేదాకా లాగుతామని చెప్పాను. పాపం అంది. ఒకోసారి చల్లగా ఉండగా లాగుతాం, ఒకోసారి కొలిమిలో పెట్టి కాకెక్కించి లాగుతాం, ఒకోసారి నిమ్మళంగా నువ్వు ఇడ్లీ తినేంత సేపు లాగుతాం, ఒకోసారి చటుక్కున ఒక్క గుంజు గుంజుతాం అన్నాను. ఎందుకు అంది. ఎందుకంటే ఉక్కు అన్నిసార్లూ ఒకేలా ఉండదు, నెమ్మదిగా లాగితే ఒకలా సాగుతుంది, ఉన్నట్టుండి గుంజితే మొండికేస్తుంది, ఇంకొంచెం గట్టిగా ఎదురు తిరుగుతుంది, కారుకి దెబ్బ తగిలేది ఉన్నట్టుండే కదా, అందుకని అది తెలుసుకోవాలి అన్నాను. వేడెక్కితే మెత్తబడిపోతుందని అందరూ అనుకుంటారు మాస్టారూ, కానీ రెండు మూడొందల డిగ్రీల దగ్గర నెమ్మదిగా లాగితే కొన్ని ఉక్కులు ఇంకా బిగుసుకుపోతాయి, బిగుసుకుని తొందరగా తెగుతాయి, గ్రాఫులో గీత రంపం పళ్ళలా వస్తుంది, వేగం పెంచితే అవే పళ్ళు మాయమైపోతాయి, నా పుస్తకంలో సగం దాని గురించే అని కూడా చెప్పాను. ఆహా, గమకం లాగా అన్నమాట అన్నారాయన. ఆ మాటకి నేనెంత పొంగిపోయానో. రణస్థలం దాటుతున్నాం అప్పటికి, కోళ్ళ లారీ ఒకటి ముందు పోతోంది, ఈకలు అద్దానికి తగులుతున్నాయి.

కౌముది వేళ్ళు ఊరుకోవు. తన పక్కన, ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య నిలబడే పిల్లరు ఉంటుందే, కారు కప్పుని మోసేది, దాని మీద ప్లాస్టిక్ మూత ఒక పక్క సరిగ్గా అతుక్కోలేదు. ఆ సందులో గోరు పెట్టి గిల్లుతోంది. టక్కుమని పై భాగం ఊడి ముందుకి వేలాడింది. నాన్నకి చెప్పకండి ఆంటీ అని గుసగుసగా అంటూనే లోపలికి తొంగి చూసి, నెమలి రంగులున్నాయి ఆంటీ, చూడండి, అంది. నేను నవ్వుతూ ముందుకి వంగాను. పైకి తెల్లటి రంగు నిగనిగలాడుతున్న పిల్లరు లోపలి వైపు ఏ రంగూ లేకుండా ఉత్త ఇనుముగా ఉంది. మధ్యలో అరచేతి మేర నల్లగా పొక్కు కట్టి ఉంది. దాని చుట్టూ బూడిద రంగు, దాని చుట్టూ నీలం, నీలం అంచున ఊదా, ఆ తరవాత తేనె రంగు, చివరికి పల్చటి ఎండుగడ్డి రంగు. ఎంత అందంగా ఉందో. మూడో ఏడాది పిల్లలకి ఆ రంగులు చూపించి ఇది మూడొందలు, ఇది రెండొందల ఇరవై, నల్లగా పొక్కిన చోట ఎర్రగా మండి ఉంటుందని చదివి చెప్పేది నేనే. ఎవరికైనా అది నెమలి రంగే, నాకు ఒక్కదానికే అది అక్షరాలు. గ్యాసు మంటతో పిల్లరుని ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి సాపు చేశారు.

ఎవరో చేశారని అనుకోడానికి కూడా వీల్లేదు. ఆ పైన, కప్పుకి అంటించిన గుడ్డ మీద, బెల్టు వేలాడే చోట గోధుమ రంగు మరక ఉంది, బొట్టుబిళ్ళంత. ఆ మరక నాకు తెలుసు. చలికాలంలో ఒక ఆదివారం ఆనంద్‌కి కారేజీ తీసుకుని షెడ్డులోకి వెళితే, ఎడం పక్క గుద్దించుకుని వచ్చిన తెల్ల కారుకి మా పనివాడు గంగులు మంట పెడుతున్నాడు, పిల్లరు నిప్పుకణంలా ఉంది, గుడ్డ కాలిన కంపు కొట్టింది. నేను ఆగాను. ఆగి ఏమన్నాను? ఒరే గంగులూ, పైన గుడ్డ కాలిపోతంది సూసుకో అన్నాను. గుడ్డ. ఇన్నేళ్ళు ఉక్కుని కాల్చి లాగినదాన్ని, ఎర్రగా కాలుతున్న ఉక్కు ముందు నిలబడి గుడ్డ గురించి కసిరి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అన్నం చల్లారిపోతోందని వెళ్ళిపోయాను. షెడ్డు నాకు గిట్టదు. అక్కడి నూనె, అక్కడి భాష, అక్కడ నా మొగుడు బనీనుతో తిరగడం గిట్టదు. కాలేజీలో ఎవరైనా అడిగితే మా ఆయనది ఆటోమొబైల్ బిజినెస్ అంటాను. అక్కడ చూసింది చూసినట్టుగా నా బుర్రలోకి ఎక్కనివ్వలేదు, లాబ్‌లో ఉండే ఉక్కు వేరు, షెడ్డులో ఉండే ఇనుము వేరు అన్నట్టు బతికాను. ఛీ.

ఇంకోటి కూడా ఉంది, తలుచుకోకూడదనుకుంటున్న కొద్దీ అదే వస్తోంది. ఆ ఆదివారానికి ముందు ఎప్పుడో, రాత్రి భోజనాల దగ్గర ఆనంద్ అడిగాడు. నవ్వుతూనే అడిగాడు, అతనికి నాతో మాట్లాడాలంటే ఎగతాళి తప్ప ఇంకో దారి తెలీదు పాపం. "ఒసే డాక్టరమ్మా, కొత్త కార్ల పిల్లరుని కాల్సి సాపు సేస్తే ఏటౌతాది? పాత కార్లకైతే ఏటీ అవలేదు." నాకు ఒళ్ళు మండింది. డాక్టరమ్మా అన్నందుకు మండింది, నోట్లో ముద్ద పెట్టుకుని అడిగినందుకు మండింది. నీకు చెప్తే అర్థం కాదు అన్నాను. అంతే, ఒక్క నిమిషం పట్టే జవాబు. ఈ కాలం కార్ల పిల్లరుని కంపెనీలో ఎర్రగా కాల్చి చల్లటి అచ్చులో ఒక్కసారిగా నొక్కుతారు, అందుకే దానికి ఆ గట్టితనం, నువ్వు మళ్ళీ కాల్చి గాలికి వదిలేస్తే అది సగం కూడా మిగలదు, కాల్చకు, మార్చు. ఇందులో అర్థం కానిది ఏముంది? గంగులుకి కూడా అర్థమవుతుంది. ఆనంద్ మజ్జిగ పోసుకున్నాడు. తరవాత ఎప్పుడూ అడగలేదు. నన్ను అడిగి లేదనిపించుకుని, తన తెలివితో తను చేసుకుని, దాని మీద నా డాక్టరేట్ ముద్ర వేసి అమ్మేశాడు, నేనే నా చేత్తో తమలపాకులో పెట్టి ఇచ్చాను.

ఏమ్మా, అలసిపోయారా, మాట్లాడటం లేదు అన్నారు మాస్టారు అద్దంలోంచి చూస్తూ. లేదండీ, ఎండ అన్నాను. కౌముది మూతని మళ్ళీ నొక్కి అతికించేసింది, నెమలి లోపలికి పోయింది. పైడిభీమవరం ఫ్యాక్టరీల వాసన ఏసీలోంచి కూడా వస్తోంది. మాస్టారు ఎనభైలో పోతున్నారు, చక్కగా, లైను తప్పకుండా, ఎడం పక్క లారీలు, కుడి పక్క డివైడరు మీద గన్నేరు చెట్లు. బయట ఎండ నలభై ఉంటుంది, ఆ నలభై ఉక్కుకి లెక్కే కాదు, దానికి లెక్క ఎప్పుడో తిన్న వేడి. తిన్నది మరిచిపోదు. పక్క నుంచి ఏ లారీ అయినా గుద్దితే నా లాబ్‌లో లాగా నిమ్మళంగా లాగదు, ఇడ్లీ తినేంత సేపు ఇవ్వదు, రెప్ప వేసేలోపు అయిపోతుంది. అంత వేగంలో గట్టి భాగం ఎదురు తిరుగుతుంది, కాలి మెత్తబడిన భాగం ఒక్కటే లొంగుతుంది, సాగవలసినదంతా ఆ అరచేతి మేరలోనే సాగుతుంది, రెండింటి మధ్య గీత దగ్గర చిరుగుతుంది. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే పది మార్కులకి పది వేస్తాను. ఆ అరచేతి మేరకి జానెడు దూరంలో కౌముది రెండు జడలూ ఊగుతున్నాయి.

ఇటు రామ్మా, ఆ పక్క ఎండ పడుతోంది, నల్లబడిపోతావు అన్నాను. నాకు కిటికీ కావాలి ఆంటీ అంది. ఇటు పక్క కూడా కిటికీ ఉంది, ఇటు పక్క సముద్రం ఏమైనా కనిపిస్తుందేమో చూడు అన్నాను, సముద్రం ఎటో కూడా నాకు తెలీదు. జగదీశ్వరి గారు, ఆంటీ చెప్తున్నారు కదా, జరుగు అన్నారు. దాన్ని నా మీదుగా ఎత్తి కుడి పక్కన దించి, బెల్టు పెట్టి, నేను ఎడం పక్కకి జరిగి పిల్లరుకి భుజం ఆనించి కూర్చున్నాను. గుండె కాస్త కుదుటపడింది. నేనే కూర్చున్నాను కదా, ఏమైనా అయితే నాకే అవుతుంది కదా అనుకున్నాను, ఎంత గొప్ప త్యాగమో. పూసపాటిరేగ ఇంకా రాలేదు. నా కళ్ళ ముందే, నేను భుజం ఆనించిన ఆ పిల్లరుకే, పైన ఒక బోల్టుకి వేలాడుతూ జగదీశ్వరి గారి బెల్టు ఆవిడ భుజం మీదుగా కిందికి వెళుతోంది. ఆవిడ కూడా పిల్లరుకి నా అంత దగ్గరగానే ఉన్నారు. చూశాను. చూసి కిటికీ వైపు తల తిప్పుకున్నాను. ముందు సీట్లోంచి పెద్దావిడని ఏ వంక పెట్టి లేపుతాం, ఎండ పడుతోందని అంటామా? చెప్పాలి. నోరు తెరిచి చెప్పాలి. ఎలా చెప్పాలి, మా ఆయన మిమ్మల్ని మోసం చేశాడనా, నేనూ ఉన్నాననా, నాకు తెలిసీ తెలీనట్టుందనా? దుకాణం పేరు పోతుంది, మోకాళ్ళు పట్టుకుని మంచం మీద ఉన్న అత్తగారి పద్ధతి పోతుంది, అవన్నీ పోతే పోనీ, నిజం చెప్పనా, వీటికంటే ముందు నాకు గుర్తొచ్చింది ఆ మాట, కార్ల ఉక్కు మీదే డాక్టరేట్ సేసిందండి. ఇంక ఆ మాట ఎవరూ అనరు.

ఫోను మోగింది. ఆనంద్. ఎక్కడున్నావు అన్నాడు. మాస్టారి కార్లో వస్తున్నాను అని, గొంతు తగ్గించి, ఎడం వైపు పిల్లరు చూశాను అన్నాను. అటు నుంచి షెడ్డులో సుత్తి చప్పుడు వినిపించింది. తరవాత అన్నాడు, "ఇప్పుడేటీ మాటాడకు. ఆళ్ళకి సెప్పకు. నాల్రోజులాగి సర్వీసని పిలిసి నేను మారిపించెత్తాను." అందులో మోసగాడి గొంతు లేదు, భయపడ్డ మనిషి గొంతు ఉంది, పొరపాటు ఏమిటో ఇప్పుడే తెలిసినట్టు. సరే అన్నాను. సరే అనగానే ఎంత హాయిగా అనిపించిందో చెబితే ఎవరైనా మొహాన ఉమ్మేస్తారు. మొగుడు చెప్పాడు కదా, ఇంక నాదేముంది. పదేళ్ళుగా అతని మాట ఒక్కటి కూడా వినని దాన్ని, ఈ ఒక్క మాట ఎంత బుద్ధిగా విన్నానో. నాలుగు రోజులే కదా, మాస్టారు నిదానంగా నడుపుతారు, ఊళ్ళోనే తిరుగుతారు, ఎవరికీ తెలియకుండా కొత్త పిల్లరు పడిపోతుంది, ఎవరి మర్యాదకీ లోటుండదు అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. జగదీశ్వరి గారికి కునుకు పట్టింది. తల ఎడం పక్కకి వాలి, గతుకు వచ్చినప్పుడల్లా పిల్లరుకి మెల్లగా తగులుతోంది. ఆ చప్పుడు నా భుజానికి తెలుస్తోంది.

నాతవలస దగ్గర హైవే వదిలి విజయనగరం రోడ్డెక్కాక ఆవిడకి మెలకువ వచ్చింది. మొహం తుడుచుకుని, సంచిలోంచి జీడిపప్పు పాకం ముక్కలు తీసి వెనక్కి అందించారు, ముందు నాకు, తరవాత కూతురికి. ఇంట్లో చేసిందేనమ్మా, తినండి, మొహం వాడిపోయింది మీకు అన్నారు. నోట్లో పెట్టుకున్నాను. మాస్టారు నెమ్మదిగా ఏదో ఆలాపన మొదలుపెట్టారు, స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తున్నారు. ఇంకో చోట ఇంకా కొత్త బండి చూశామమ్మా, మీరున్నారనే ఇక్కడికి వచ్చాం, చదువుకున్న మనిషి మాట కదా అన్నారు మధ్యలో ఆలాపన ఆపి, మళ్ళీ అందుకున్నారు. అప్పుడు జగదీశ్వరి గారు, రేపు మేం అరకు వెళుతున్నాం విశాలి గారూ, కొత్తవలసలో మా చెల్లెలు కుసుమకుమారిని ఎక్కించుకుని ఘాటీ మీదుగా వెళతాం, వెనక సీట్లో ఇంకొకరికి చోటుంది, కౌముదికి కూడా మీరు బాగా నచ్చారు, మీరూ రాకూడదూ అన్నారు.

"అమ్మో, నేను రాను."

అంత గట్టిగా వచ్చింది నా నోట్లోంచి. ఆలోచించి అన్నది కాదు, వేడి గిన్నె తగిలితే చెయ్యి లాగేసుకున్నట్టు వచ్చేసింది. పనుందనో, పరీక్ష పేపర్లు దిద్దాలనో అనొచ్చు, వంకలకేం కరువు, కానీ వంక కంటే ముందు భయం వచ్చింది, ఈ కారులో ఘాటీ ఎక్కడమా అని నా ప్రాణం కోసం నాకు వచ్చిన భయం. వాళ్ళ ప్రాణాలకి అరగంట నుంచి రాని మాట నా ప్రాణానికి అర క్షణంలో వచ్చింది. ఆలాపన ఆగిపోయింది. జగదీశ్వరి గారు మనిషంతా వెనక్కి తిరిగి నా మొహం చూశారు. ఏమ్మా అన్నారు. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"మాస్టారూ, పక్కకి ఆపండి. ఈ బండి మంచిది కాదు."

ఆయన చింతచెట్టు నీడకి తీసి ఆపారు. చెప్పాను. మూత లాగి రంగులు చూపించాను. ఎక్కడ కాల్చారో, కాలిస్తే ఏమవుతుందో, పక్క నుంచి దెబ్బ తగిలితే ఏమవుతుందో పాఠం చెప్పినట్టు చెప్పాను, ఆ మాటలైతే నాకు తడుముకోకుండా వస్తాయి. ఆనంద్ నన్ను అడిగాడనీ, నేను చెప్పలేదనీ, తాళం ఇచ్చిన రోజు కారు చూడకుండానే గట్టిదని అన్నాననీ కూడా చెప్పాను, అక్కడ మాత్రం నాలిక తడబడింది. వేరే పిల్లరు వేయిస్తాం, లేదంటే బండి వెనక్కి తీసేసుకుంటాం అన్నాను. మాస్టారు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకి చూస్తూ కూర్చున్నారు. తిడతారని ఎదురు చూశాను, తిడితే బావుండును అనుకున్నాను. రోడ్డు మీద పాల వ్యాను ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. కౌముది పాకం నములుతూ ఒకసారి నన్నూ ఒకసారి వాళ్ళమ్మనీ చూస్తోంది. జగదీశ్వరి గారు ఇంకా వెనక్కి తిరిగే ఉన్నారు. ఆవిడ కళ్ళు నా మీంచి కూతురి మీదికి వెళ్ళాయి, కూతురు కూర్చున్న కుడి పక్కకి, మళ్ళీ నా వైపుకి, నా భుజం దగ్గరి పిల్లరుకి, అక్కడి నుంచి తన భుజం మీది బెల్టుకి వచ్చాయి.

మీకెప్పుడు తెలిసిందమ్మా అన్నారు.

రణస్థలం దాటాక అన్నాను.

ఆవిడ తల ఊపారు. గొంతు పెరగలేదు, మాట మామూలుగానే ఉంది, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా.

"పాపని అందుకే అటు జరిపేరు కదా. నన్ను మాత్రం ఇక్కడే ఉంచీసేరు."

  సిగ్గుతో ఒళ్ళంతా మండిపోతోంది, చెవులు, మెడ, అరచేతులు, ఎక్కడికి పోవాలో తెలీలేదు. ఆవిడ బెల్టు విప్పుకుని దిగి, అటు తిరిగి వచ్చి కూతుర్ని దించుకుని, చెయ్యి పట్టుకుని చెట్టు కిందికి నడిచారు. తిరిగి చూడలేదు. మాస్టారు కూడా దిగారు. ఆయనా వాళ్ళ దగ్గరికి వెళతారనుకున్నాను. వెళ్ళలేదు. నా వైపు వచ్చి తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు. ఆయన మొహంలో కోపం కోసం వెతికాను, లేదు. హైవే లారీలు ఇటు కూడా వస్తుంటాయి, రోడ్డు పక్క బండి ఉంది, ఆయన కంగారంతా అదే.

"మీరూ దిగిపోండమ్మా. అక్కడ కూర్చోకండి" అన్నారు.